శాలువా కొనే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన వాణిజ్య మండలి ఏటా ఇచ్చే ఉత్తమ నాయకత్వ, నైతిక వర్తన పురస్కారాల ఎంపిక బాధ్యతను ఈసారి నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఆ సంఘంలో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి కనుక, నువ్వు అడిగినట్లే నాకు తోచినవి రాస్తున్నాను. వేదిక, జ్ఞాపికలు, భోజనాల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. వాటి జోలికి పోను.

2008 సెప్టెంబరులో, ఉత్తమ కార్పొరేట్ పాలనకు గాను హైదరాబాదు సంస్థ సత్యం కంప్యూటర్స్‌కు గోల్డెన్ పీకాక్ పురస్కారం దక్కింది. నాలుగు నెలలైనా నిండకముందే, 2009 జనవరి 7న, సంస్థ అధిపతి రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు లేఖ రాసి, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ఇచ్చిన పురస్కారాన్ని ఆ తర్వాత వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆడిటర్లు సంతకం చేసిన లెక్కలే అలా తేలినప్పుడు, అభ్యర్థి తన గురించి తాను నింపి పంపిన దరఖాస్తును నమ్ముకుని సన్మానం చేయడం ఎంత సాహసమో నువ్వే ఆలోచించు.

కాబట్టి దరఖాస్తును పక్కన పెట్టి, ఆ వ్యాపారి చేతిలో డబ్బు ఆగిపోతే ఇబ్బంది పడేవాళ్ల దగ్గరికి ముందు వెళ్లు. అట్టపెట్టెలు సరఫరా చేసే చిన్న యూనిట్ యజమాని, లారీ కిరాయి రావలసిన రవాణాదారు, గోదాములో పనిచేసే హమాలీల మేస్త్రీ చెప్పే మాటలు ఏ వార్షిక నివేదికలోనూ దొరకవు. చిన్న ఉత్పత్తిదారుకు ఇవ్వవలసిన సొమ్మును, ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటనీయకూడదని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ చెల్లించాలి. అయినా ఆ వడ్డీ అడిగే ధైర్యం చిన్నవాడికి ఉండదు, ఎందుకంటే మరుసటి నెల ఆర్డరు కూడా ఆ పెద్దమనిషి చేతిలోనే ఉంటుంది. అందువల్ల, ఆయన బిల్లులు సగటున ఎన్నాళ్లకు చెల్లుతున్నాయో నలుగురైదుగురిని విడివిడిగా, పేర్లు బయటపెట్టనని మాట ఇచ్చి మరీ అడుగు. ఉద్యోగుల భవిష్యనిధి సొమ్మును ఆ వ్యాపారి నెలనెలా జమ చేస్తున్నాడో లేదో భవిష్యనిధి సంస్థ (ఈపీఎఫ్‌ఓ) వెబ్‌సైటులోనే ఎవరైనా చూడవచ్చు. ఈ పనికి ఒక పూట చాలు. మేము మాత్రం ఎన్నో ఏళ్లు ఆ పూట కూడా కేటాయించలేదు.

చట్టప్రకారం చేయక తప్పని పనిని దాతృత్వంగా లెక్కించకు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ చేరిన కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. బడికి బల్లలు ఇచ్చిన ఫొటోలు దరఖాస్తుకు జతచేస్తే, అది ఆ 2 శాతంలోదో, దానికి మించినదో అడుగు.

నాయకత్వాన్ని మాత్రం కష్టం వచ్చిన ఏడాదిలోనే వెతకాలి. సత్యం కథ బయటపడటానికి కొద్ది వారాల ముందే, 2008 నవంబరులో, ముంబయి తాజ్ హోటలు మీద ఉగ్రవాదులు దాడి చేశారు. ఆ తర్వాత నెలలోనే టాటాలు నెలకొల్పిన ట్రస్టు తమ సిబ్బంది కుటుంబాలకే కాక, హోటలుతో ఏ సంబంధమూ లేని బాధితులకు కూడా సాయం చేసింది. మన ఊరి స్థాయిలో అడగవలసిన ప్రశ్న కూడా అదే: లాక్‌డౌన్ నెలల్లో ఈయన జీతాలు ఇచ్చాడా, ఇవ్వలేకపోతే ఆ మాట కార్మికులకు ఎదురుగా నిలబడి చెప్పాడా?

డబ్బు విషయం కాస్త చేదుగానే రాస్తున్నాను. ఒక సంవత్సరం మా సభ ఖర్చులో అధిక భాగం భరించినాయనకే మేము ప్రథమ పురస్కారం ఇచ్చాము. ఎవరూ బలవంతపెట్టలేదు, ఆయన పేరు వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పడానికి అందరికీ మొహమాటం అడ్డొచ్చింది, అంతే. ఆ సాయంత్రం హాలు గేటు దగ్గర, మూడు నెలలుగా కూలి అందని ఆయన కార్మికులు మౌనంగా నిలబడి ఉన్నారు. శాలువా కప్పిన చేతులు నావే. అందుకే, ఆ ఏడాది చందా ఇచ్చినవారు పోటీలో ఉండరాదని, అభ్యర్థితో బంధుత్వమో వ్యాపారమో ఉన్న సభ్యుడు ఆ చర్చ జరిగేటప్పుడు గది బయట కూర్చోవాలని నియమావళిలో ముందే రాయించు. తగినవారు దొరకని ఏడాది పురస్కారం ఇవ్వకుండా ఉండే అధికారం, తప్పు తేలితే వెనక్కి తీసుకునే అధికారం కూడా అందులోనే ఉండాలి. అవసరం వచ్చాక రాయబోతే, ఎవరో ఒకరిని దృష్టిలో పెట్టుకుని రాశారనే నింద తప్పదు.

సన్మాన పత్రంలో "అపర కర్ణుడు" వంటి బిరుదులు వద్దు. ఏ సంవత్సరంలో, ఏ నష్టాన్ని ఓర్చుకుని, ఎవరికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడో నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి విషయం దొరకలేదంటే, ఆ పేరును అక్కడే ఆపెయ్యి.

నియమావళి ముసాయిదా సిద్ధమయ్యాక నాకు పంపు, చూసిపెడతాను. అభ్యర్థుల పేర్లు మాత్రం పంపకు. అందులో ఇద్దరు ముగ్గురు నాకు పాత మిత్రులే అయి ఉంటారు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి