ఏఐతో ఏడాది ప్లాన్ రాస్తున్న మా అమ్మాయికి

బంగారూ,

ఆరో తరగతి లెక్కలకి ఏడాది ప్రణాళికంతా నీకే అప్పజెప్పారనీ, ఏఐ సాయంతో రాస్తున్నావనీ నిన్న మీ అమ్మ చెప్పింది. వింటున్నప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో, రాత్రి పడుకున్నాక అంత దిగులేసింది.

ముందు తేలికవి చెప్పేస్తాను. పిల్లల పేర్లు, మార్కులు అందులో ఎక్కించకు. అదిచ్చే ప్రతి లెక్కా నువ్వు చేసి చూసుకో. తప్పు జవాబునీ అది అంతే ధీమాగా చెబుతుంది. ఏదైనా పరిశోధన పేరెత్తితే నిజంగా ఉందో లేదో వెతుకు. సెలవులు, పరీక్షలు పోగా మిగిలే పీరియడ్లు నువ్వే లెక్కపెట్టు.

ఇక నా దిగులు సంగతి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, బ్లూమ్ వర్గీకరణ కొత్తగా ఒంటబట్టించుకున్నాను. నేర్చుకోవడం తేలిక నుంచి కష్టానికి ఎలా ఎదుగుతుందో చెబుతూ 1956లో వచ్చిన ఆరు మెట్లవి. 2001లో సవరించాక గుర్తుంచుకోవడంతో మొదలై సృష్టించడంతో ముగుస్తాయి. నెల రోజులు రాత్రిళ్లు కూర్చుని చార్టు గీశాను. వారానికో గడి, గడికో మెట్టు. స్టాఫ్‌రూమ్ గోడకి అతికించారు. వచ్చిపోయేవాళ్లంతా మెచ్చుకున్నారు.

భిన్నాల కూడికకి రెండు వారాలిచ్చాను. ఆఖరి రోజు ఒక పాప నోట్సులో 1/2 + 1/3 = 2/5 అని ఉంది. పైవి పైన, కిందవి కింద కలిపేసింది. ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన 5/6 అని రాసి, దశాంశాలకి వెళ్లిపోయాను. గడి అయిపోయింది మరి!

ఏడాది చివర్లో అదే పాప, అదే తప్పు. ఈసారి పక్కన కూర్చోబెట్టుకుని కాగితం పట్టీ ఇచ్చాను. సగానికి మడిచింది.

"దీనికి ఇంకో ముక్క కలిపితే పెరగాలా, తగ్గాలా?"

"పెరగాలి టీచర్."

"మరి నువ్వు రాసిన 2/5 సగం కన్నా ఎక్కువా?"

"ఎక్కువే కదా టీచర్, కింద ఐదుంది."

కింద అంకె పెరిగితే భిన్నం పెరుగుతుందని ఏడాదంతా అనుకుంటూనే ఉందా పిల్ల. క్లాసంతా అడిగి చూశాను. 1/3 కన్నా 1/4 పెద్దదని సగం మందికి పైగా చేతులెత్తారు. పది నిమిషాల్లో తెలిసిన సంగతి. మొదటి వారంలోనే ఎందుకు అడగలేదా అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ పాప మడిచిన పట్టీ నా డైరీలో ఇంకా ఉంది.

నాకు నెల పట్టిన చార్టు నీకు నిమిషంలో వస్తుంది, ఒక్క గడీ ఖాళీ లేకుండా. అంత ముచ్చటగా ఉన్నదాన్ని చెరపబుద్ధి కాదు తల్లీ. నా భయమదే.

అందుకని పాఠాలు ముందు అడక్కు. విద్యావేత్తలు విగ్గిన్స్, మెక్‌టై 1998లో చెప్పిన వెనక నుంచి ముందుకు పద్ధతి నీకు తెలిసిందే: చివరికి ఏం రావాలి, వచ్చిందని ఎలా తెలుస్తుంది, ఆ తర్వాతే పాఠం. మొదటి రెండూ నీ మాటల్లో నువ్వే రాసుకో. యూనిట్ మొదలుపెట్టే ముందు క్లాసుకి ఐదు ప్రశ్నలివ్వు. "1/3, 1/4లో ఏది పెద్దది, ఎందుకు?" లాంటివి. ఆ "ఎందుకు" మాత్రం వదలకు. వచ్చిన తప్పు జవాబుల్ని ఏఐకి ఇచ్చి, పిల్లలు ఎలా ఆలోచించి ఉంటారో, వాళ్ల తప్పు వాళ్లే పట్టుకునేలా ఏం అడగాలో చెప్పమను. అక్కడది నిజంగా అక్కరకొస్తుంది. నాకా రోజుల్లో అలాంటి తోడు లేదు. ఐదు పీరియడ్లకొకటి ఖాళీగా ఉంచు; ఏఐ దాన్ని నింపి ఇచ్చినా చెరిపెయ్.

రాత్రి రెండింటిదాకా కంప్యూటర్ ముందే ఉంటున్నావట. ఏం పనే అది? నిద్ర లేకుండా క్లాసుకెళ్తే ఏ పిల్లకి అర్థం కాలేదో ముఖం చూసి ఎలా పోల్చుకుంటావు?

ఆ ఐదు ప్రశ్నలకి పిల్లలు రాసినవి నాకూ పంపు. ఒప్పులు అక్కర్లేదు, తప్పులు చాలు. కాస్త పెద్ద అక్షరాలతో పంపమ్మా, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ