పాఠకుల ప్రశ్నలు: ఇంట్లో ఎడిటింగ్‌కి ఏ క్యామ్‌కార్డర్ కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. వచ్చే ఏడాది అరంగేట్రం. ఇప్పటిదాకా ఫోన్‌తోనే తీస్తున్నాం. హాల్లో వెనక సీట్ల నుంచి తీస్తే పిల్ల చీమంత కనిపిస్తోంది, గంట దాటేసరికి ఫోను వేడెక్కి ఆగిపోతోంది. క్యామ్‌కార్డర్ కొని ఇంట్లో ల్యాప్‌టాప్ మీద నేనే ఎడిట్ చేసుకుందామని ఉంది. ఆన్‌లైన్‌లో పది, పన్నెండు వేలకే "4కే, 48 మెగాపిక్సెల్, 16 రెట్ల జూమ్" అని చూపిస్తున్నారు. కొనచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దండి. వాటిలో చాలావాటికి అసలు జూమ్ లెన్సే ఉండదు. ఈ సంగతి ప్రకటనలో కనపడదు, లెన్స్ అంచు చూస్తే కనపడుతుంది. లెన్స్ చుట్టూ సన్నటి అక్షరాలతో ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది; ఈ అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరికొస్తుంది. సోనీ ఏఎక్స్53 అనే క్యామ్‌కార్డర్ మీద 4.4–88 అని ఉంటుంది. 88ని 4.4తో భాగిస్తే 20. అంటే లోపల గాజులు కదిలి దృశ్యాన్ని నిజంగానే 20 రెట్లు దగ్గరికి తెస్తాయి. దీన్నే ఆప్టికల్ జూమ్ అంటారు. మీరు చూసిన చవక రకాల మీద ఒకే అంకె ఉంటుంది, లేదా ఏమీ ఉండదు.

వాళ్లు చెప్పే 16 రెట్లు డిజిటల్ జూమ్. దాని లెక్క చూడండి. 4కే ఫ్రేము వెడల్పు 3840 పిక్సెళ్లు. 16 రెట్లు డిజిటల్ జూమ్ చేస్తే నడిమధ్య 240 పిక్సెళ్ల ముక్కని కత్తిరించి, దాన్నే తెర నిండా సాగదీస్తారు. ముఖంలో కళ్లెక్కడో ముక్కెక్కడో తెలీదు. ఆ కత్తిరింపు ఎడిటింగ్‌లో మీరే చేసుకోవచ్చు, దానికి కెమెరా కొననక్కర్లేదు.

అసలైన 20 రెట్ల లెన్స్‌తో స్టేజీకి 20 మీటర్ల దూరంలో ట్రైపాడ్ పెట్టారనుకోండి. జూమ్ పూర్తిగా వెనక్కి తీస్తే దాదాపు 25 మీటర్ల వెడల్పు, అంటే తెరలతో సహా స్టేజీ మొత్తం వస్తుంది. పూర్తిగా ముందుకి లాగితే మీటరున్నర లోపు, అంటే నడుము నుంచి తల దాకా మాత్రమే. కనుబొమ్మల కదలికా, హస్తముద్రా రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. అభినయం రికార్డు చేయాలంటే ఈ దగ్గరితనం కావాలి.

అలాగని జూమ్ అంకె ఒక్కటే చూసి కొనకండి. కెనాన్ హెచ్ఎఫ్ ఆర్800కి 32 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది కానీ సెన్సర్, అంటే వెలుగుని బొమ్మగా మార్చే చిప్, 1/4.85 అంగుళాలది. ఏఎక్స్53 సెన్సర్ 1/2.5 అంగుళాలది. వైశాల్యంలో మొదటిది రెండోదానికి దాదాపు పావు వంతు. పగలు ఆరుబయట తేడా పెద్దగా తెలీదు గానీ, హాల్లో లైట్లు తగ్గించిన క్షణాన చిన్న సెన్సర్ బొమ్మలో ఇసుక చల్లినట్టు గింజలు లేస్తాయి. ఎడిటింగ్‌లో వెలుగు పెంచితే ఆ గింజలూ పెరుగుతాయి.

ఎడిట్ చేసేవాళ్లు ఇంకో మూడు చూసుకోవాలి. ఒకటి, 3.5 మిల్లీమీటర్ల మైక్ జాక్. రెండు, హెడ్‌ఫోన్ జాక్. మూడు, ఎక్స్‌పోజర్ (బొమ్మలోకి ఎంత వెలుగు రావాలన్నది), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా రంగుల సర్దుబాటు), ఫోకస్ మూడింటినీ చేత్తో లాక్ చేసే వీలు. ఈ మూడోది లేకపోతే అరంగేట్రం వీడియో ఎలా పాడవుతుందంటే: వెనక నల్లతెర, ముందు స్పాట్‌లైట్‌లో మీ అమ్మాయి. ఆటోలో ఉన్న కెమెరా ఫ్రేములో ఎక్కువ భాగం నల్లగా ఉందని చూసి వెలుగు పెంచేస్తుంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. అలా పోయిన వివరం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. కెమెరా తెరలో ముఖం మీద వేలు పెట్టి స్పాట్ మీటరింగ్ (ఆ చోటి వెలుగునే కొలవడం) చేయండి, లేదా ఎక్స్‌పోజర్ తగ్గించి లాక్ చేయండి. కాస్త ముదురుగా వచ్చినా ఫర్వాలేదు, ఎడిటింగ్‌లో కొంత లేపవచ్చు. స్టేజీ మీద పాత పసుపు లైట్లే ఉంటే వైట్ బ్యాలెన్స్ బల్బు గుర్తు మీద, దాదాపు 3200 కెల్విన్ దగ్గర, పెట్టేయండి. ఆటోలో వదిలితే రంగు లైటు మారినప్పుడల్లా చర్మం రంగు మారిపోతుంది. అప్పుడు ఒక షాటుకి చేసిన రంగుల దిద్దుబాటు పక్క షాటుకి సరిపోదు. ఇక ఫోకస్. అంశానికీ అంశానికీ మధ్య లైట్లు ఆర్పినప్పుడు ఆటోఫోకస్ చీకట్లో తడుముకుంటుంది. లైట్లు వెలిగాక కూడా రెండు మూడు సెకన్లు మసకగానే ఉంటుంది. స్టేజీ మధ్యన ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చేస్తే ఈ బాధ ఉండదు.

స్టిల్ కెమెరాతోనే వీడియో తీద్దామనుకుంటే, పాత మోడళ్లలో చాలావి 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోతాయని గుర్తుంచుకోండి. సరిగ్గా తిల్లానా మధ్యలో ఆగితే మళ్లీ నొక్కేలోపు పోయింది పోయినట్టే.

కొత్త క్యామ్‌కార్డర్ మోడళ్లు రావడం బాగా తగ్గిపోయింది కాబట్టి సెకండ్ హ్యాండ్ కూడా చూడండి. కొనేముందు సెల్‌ఫోన్ టార్చి లెన్స్‌లోకి వాలుగా కొట్టి చూడండి. లోపల సాలెగూడులాంటి గీతలుంటే ఫంగస్, వదిలేయండి. జూమ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి పదిసార్లు నడపండి. ఎక్కడైనా పట్టేసినా, కరకరలాడినా వద్దు. మైక్ జాక్‌లో పిన్ను పెట్టి వేలితో మెల్లగా కదుపుతూ హెడ్‌ఫోన్‌లో వినండి. చిటపటలొస్తే జాక్ వదులైపోయింది. లోపల హార్డ్ డిస్క్ ఉన్న పాత మోడళ్లు, చిన్న డీవీడీల మీద రికార్డు చేసేవి ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

ప్రశ్న: 4కేలో తీసిన ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో ఎడిట్ చేస్తుంటే టైమ్‌లైన్ కదలనంటోంది. మామూలుగా ప్లే చేస్తే మాత్రం బాగానే ఆడుతోంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ప్రాక్సీ వాడి చూడండి, ఖర్చు లేని పని. ప్లే అయ్యే ఫైలు ఎడిటింగ్‌లో ఎందుకు మొరాయిస్తుందంటే, కెమెరాలు వీడియోని కుదించి దాచే హెచ్.264 ఫైల్లో అన్ని ఫ్రేములూ పూర్తి బొమ్మలు కావు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, మిగతావన్నీ పక్క ఫ్రేములకీ తమకీ ఉన్న తేడాలు మాత్రమే. వరసగా ఆడిస్తే ఇబ్బంది లేదు. మీరు టైమ్‌లైన్ మీద మధ్యలో ఎక్కడో వేలు పెడితే మాత్రం కంప్యూటర్ వెనక్కి వెళ్లి పూర్తి బొమ్మని పట్టుకుని, అక్కడి నుంచి ఒక్కో తేడానీ కలుపుకుంటూ రావాలి. మీరు అటూ ఇటూ జరిపిన ప్రతిసారీ ఇదే తంతు.

ప్రాక్సీ అంటే ఎడిటింగ్ కోసం చేసే చిన్న సైజు నకలు. షాట్‌కట్‌లో సెట్టింగ్స్ మెనూలో ప్రాక్సీ, అందులో "యూజ్ ప్రాక్సీ" టిక్ చేయండి. డావిన్చీ రిజాల్వ్‌లో మీడియా పూల్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి "జనరేట్ ప్రాక్సీ మీడియా" నొక్కండి. రెండూ ఉచితంగా దొరికేవే. గంట ఫుటేజీకి నకలు తయారవడానికి కాస్త సమయం పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. చివర్లో ఎక్స్‌పోర్టు అసలు ఫైళ్ల నుంచే జరిగేలా చూసుకోండి. ప్రాక్సీ నుంచి చేస్తే సినిమా అంతా మసకగా వస్తుంది, చాలామంది ఇక్కడే పొరపడతారు.

ఇంట్లోవాళ్లకి టీవీలో చూపించడానికే అయితే సెకనుకి 50 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీ హాయిగా సరిపోతుంది. ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో 28 ఎంబీపీఎస్ (సెకనుకి 28 మెగాబిట్లు) అయితే గంటకి 13 జీబీ లోపే. 100 ఎంబీపీఎస్ 4కే అయితే గంటకి 45 జీబీ. 64 జీబీ కార్డు గంటా ఇరవై నిమిషాలకే నిండిపోతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ క్యామ్‌కార్డర్ తెస్తానంటున్నాడు. అక్కడిది ఇక్కడ పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పనిచేస్తుంది, కానీ ఒక పేచీ ఉంది. ఛార్జర్ సంగతి బెంగ లేదు. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. పేచీ అంతా ఫ్రేముల్లో. అమెరికాలో అమ్మే హ్యాండీక్యామ్‌లు మామూలుగా సెకనుకి 30 లేదా 60 ఫ్రేములే తీస్తాయి. మన దగ్గర అమ్మేవి 25 లేదా 50.

మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. షటర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు తీసుకునే సమయం, సెకనులో 1/60 వంతు ఉంటే ఒక్కో ఫ్రేములోకి ఒకటిన్నర పైచిలుకు మెరుపులు పడతాయి. ఒక ఫ్రేము వెలుగు, పక్క ఫ్రేము మసక. వీడియో అంతా మినుకు మినుకుమంటుంది. దాన్ని తర్వాత సరిచేయడం మహా కష్టం. మందు తీసేటప్పుడే ఉంది: షటర్‌ని 1/100కి లాక్ చేయండి. ఒక్కో ఫ్రేముకి సరిగ్గా ఒక మెరుపు పడుతుంది. సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంటే 1/50 కూడా పెట్టవచ్చు, వెలుగు రెట్టింపు వస్తుంది. షటర్‌ని చేత్తో మార్చే వీలు లేని మోడల్ అయితే తెప్పించకండి.

ఇంకో మాట. ఇక్కడి కెమెరాతో తీసిన 25 ఫ్రేముల క్లిప్పులూ, ఆ 30 ఫ్రేములవీ ఒకే 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో కలిపితే, సాఫ్ట్‌వేర్ ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పారేస్తుంది. కోడిపందెం, పరుగు పందెం లాంటి వాటిలో ఆ కుదుపు బాగా తెలిసిపోతుంది. ఏవి ఎక్కువుంటే ఆ లెక్కకే ప్రాజెక్టు పెట్టుకోండి. వారంటీ కూడా ఇక్కడ చెల్లుతుందో లేదో కొనేముందే కనుక్కోమనండి.

ప్రశ్న: మా చెల్లెలి పెళ్లి నేనే తీశాను. బొమ్మ బాగుంది. మాంగల్యధారణ దగ్గర శబ్దం మాత్రం పగిలిపోయి, ఆ తర్వాత కాసేపు మంత్రాలు వినపడలేదు. మైక్ పాడైందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మైక్ పాడవలేదు. గట్టిమేళం మోగింది. అంతవరకూ పంతులుగారి గొంతు ఒక్కటే వినిపిస్తుంటే, శబ్దం తక్కువగా ఉందని కెమెరాలోని ఆటో లెవెల్ దాన్ని పైకి లేపి ఉంచుతుంది. ఒక్కసారిగా సన్నాయి, డోలు కలిసి మోగేసరికి అది తట్టుకోలేక పగిలింది. వెంటనే కెమెరా లెవెల్ పూర్తిగా తగ్గించేసింది. మేళం ఆగాక మళ్లీ మెల్లగా పెరుగుతుంది, ఈలోగా మంత్రాలు వెనక్కిపోతాయి.

ఈసారి ఆడియో లెవెల్ మాన్యువల్‌లో పెట్టండి. పొద్దున మేళంవాళ్లు వాయించుకుంటున్నప్పుడే, వాళ్లు గట్టిగా వాయించే చోట మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా సర్దండి. పంతులుగారి గొంతు తక్కువగా పడుతుంది, నిజమే. తక్కువగా పడినది ఎడిటింగ్‌లో పెంచుకోవచ్చు, పగిలినది అతకదు. వీలైతే చిన్న రికార్డర్ ఒకటి పీటల దగ్గర విడిగా పెట్టండి. రెండూ మొదలుపెట్టాక చప్పట్లు ఒక్కసారి కొడితే, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు శిఖరం చూసి రెండింటినీ జతపరచవచ్చు.

మైక్‌సెట్‌వాళ్ల మిక్సర్ నుంచి వైరు తెచ్చి నేరుగా కెమెరా మైక్ జాక్‌లో పెట్టేవాళ్లున్నారు. అది లైన్ లెవెల్ సిగ్నల్, మైక్ సిగ్నల్ కంటే ఎన్నో రెట్లు బలమైనది. మధ్యలో సిగ్నల్ బలం తగ్గించే అటెన్యుయేటర్ వైరు లేకపోతే మొదటి మాట నుంచే పగులుతుంది.

ప్రశ్న: 2004 నాటి మినీ డీవీ క్యాసెట్లు పద్దెనిమిది ఉన్నాయి. కెమెరా ఇంకా ఆడుతోంది. యూఎస్‌బీ వైరు పెడితే ల్యాప్‌టాప్‌లో ఫొటోలు తప్ప ఏమీ రావడం లేదు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ కెమెరాల్లో యూఎస్‌బీ మామూలుగా ఫొటోల కోసమే. వీడియో ఫైర్‌వైర్ అనే వేరే రకం వైరు ద్వారా రావాలి. కెమెరా మీద చిన్న నాలుగు పిన్నుల రంధ్రం ఉంటుంది, సోనీ అయితే ఐ-లింక్ అని రాసి ఉంటుంది. వంద, రెండొందలకి దొరికే "యూఎస్‌బీ టు ఫైర్‌వైర్" మార్పిడి పిన్నులు కొనకండి. ఈ రెండూ వేరు వేరు పద్ధతులు, వైరు కలిపినంత మాత్రాన మాట్లాడుకోవు. పాత డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు వేయించి, విన్‌డీవీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో ఎక్కించండి. గంట క్యాసెట్‌కి గంటే పడుతుంది, దాదాపు 13 జీబీ అవుతుంది. డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌అనే ఫార్మాట్‌లో ఉండాలి. ఎఫ్‌ఏటీ32 అయితే ఫైలు 4 జీబీ దగ్గర, అంటే ఇరవై నిమిషాల లోపే ఆగిపోతుంది.

మీది సముద్రపు ఊరు కాబట్టి ఒక జాగ్రత్త. ఒక్కో క్యాసెట్ మూత తెరిచి, టేపు చుట్ట అంచుని వెలుతురులో చూడండి. తెల్లటి బూజు పొడిలా కనిపిస్తే దాన్ని కెమెరాలో పెట్టకండి. ఆ బూజు టేపుని చదివే హెడ్‌కి అంటుకుని మిగతా పదిహేడింటినీ పాడుచేస్తుంది. అలాంటివి విడిగా తీసి, శుభ్రం చేసేవాళ్లకి ఇవ్వండి. బాగున్నవాటిని ముందు చివరిదాకా ముందుకి, తర్వాత పూర్తిగా వెనక్కి తిప్పి, అప్పుడు ఆడించండి. ఏళ్ల తరబడి అంటుకున్న పొరలు వదులవుతాయి. బొమ్మలో చదరపు గళ్లు కనిపించడం మొదలైతే ఆపేయండి. పొడి క్లీనింగ్ క్యాసెట్‌ని దాని మీద రాసినన్ని సెకన్లే ఆడించి, మళ్లీ ప్రయత్నించండి. ఎల్‌పీలో (ఎక్కువసేపు పట్టేలా టేపుని నెమ్మదిగా తిప్పే పద్ధతిలో) రికార్డయిన క్యాసెట్లు వేరే కెమెరాలో తరచూ సరిగ్గా ఆడవు, కాబట్టి ఈ కెమెరా ప్రాణంతో ఉండగానే వాటిని ముందు ఎక్కించండి.