కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు

పోయిన నెల సిరామిక్ బొమ్మల గురించి ఏమైనా అడగాలంటే రాయండి అన్నా కదా, ఉత్తరాలు, వాట్సాప్‌లు కలిపి బాగానే వచ్చాయి. విచిత్రం ఏంటంటే ఎలా చేయాలి అని అడిగినవాళ్లు తక్కువ, చేసినదాన్ని ఎలా మోయాలి, ఎలా తగిలించాలి, పగిలితే ఏంటి అని అడిగినవాళ్లే ఎక్కువ. నాకైతే సంతోషంగానే ఉంది, ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలోకి వచ్చి, లెక్క తీస్తే మట్టి పట్టుకున్న రోజులకంటే డ్రిల్లు, బబుల్ ర్యాప్ పట్టుకున్న రోజులే ఎక్కువ తేలతాయేమో.

మేడమ్, నేను బీఎఫ్‌ఏ థర్డ్ ఇయర్. ఐదడుగుల బొమ్మ చేద్దామని ముందు తల ఒక్కటే కాల్చి చూస్తే బట్టీలో, అంటే కిల్న్‌లోనే పేలిపోయింది. మట్టిలో గాలి బుడగలు ఉన్నాయంటున్నారు ఫ్రెండ్స్. అసలు మా కిల్న్ రెండడుగులే, పెద్దవి ఎలా చేస్తారు? (విజయవాడ నుంచి ఒక స్టూడెంట్)

పాపం బుడగల మీదే పడతారు అందరూ. అసలు దొంగ నీళ్లమ్మా. వేడి 100 డిగ్రీలు దాటగానే మట్టి లోపల మిగిలిన తడి ఆవిరైపోతుంది, బయటికి రావడానికి దారి లేకపోతే బొమ్మనే పగలగొట్టుకుని వస్తుంది. తల లోపల తొలిచి డొల్ల చేశావా లేదా రాయలేదు, చేసి ఉండవనే నా అనుమానం. గోడ అంతటా ఒకే మందంలో, బొటనవేలి కంటే ఎక్కువ కాకుండా ఉండాలి, లోపలి గాలికి ఎక్కడో కనబడని చోట చిన్న చిల్లు పెట్టాలి. ఆరిందా లేదా అని చేత్తో చూడకు, మందంగా ఉన్న చోట బుగ్గకి ఆనించి చూడు, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. మీ విజయవాడ వానాకాలంలో పైపైన తెల్లగా ఆరినట్టే కనబడుతుంది, నమ్మొద్దు. నేను పెద్దవి కాల్చేటప్పుడు 80, 90 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆపేస్తా, కిల్న్ మూత కాస్త ఎత్తి పెట్టి, ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు అది వేరే విషయం.

ఇంకో గండం 573 డిగ్రీల దగ్గర. మట్టిలో ఉండే క్వార్ట్జ్ అక్కడ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్లీ అక్కడే ముడుచుకుంటుంది. అక్కడ తొందరపడితే పేలదు గానీ వెంట్రుకవాసి చీలిక వస్తుంది, వారం తర్వాత గ్యాలరీలో బయటపడుతుంది. అందుకే ఎంత ఆత్రంగా ఉన్నా కిల్న్ 100 లోపుకి దిగే దాకా మూత తీయొద్దు.

ఇక పెద్దవి అంటే అన్నీ ముక్కలే. ముందు మొత్తం ఒకటిగా కట్టి, తోలులా గట్టిపడ్డాక మెడ దగ్గరో నడుం దగ్గరో, అతుకు కనబడని చోట వైరుతో కోసి విడివిడిగా ఆరబెట్టి కాల్చి తర్వాత లోపల స్టీల్ రాడ్ మీద పేర్చాలి. ముక్కలన్నీ ఒకే మట్టివి అయ్యుండాలి, లేకపోతే ఒకటి ఎక్కువ కుంచించుకుని ఇంకొకటి తక్కువ కుంచించుకుని అతుకు కలవదు. స్టోన్‌వేర్ మట్టి, అంటే ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే రకం, ఆరి, 1200 పైన కాలి బయటికొచ్చేసరికి 10, 12 శాతం తగ్గుతుంది, అంటే నీ ఐదడుగుల అమ్మాయి నాలుగడుగుల ఐదంగుళాల అమ్మాయి అవుతుంది, కాబట్టి ముందే పొడుగ్గా చెయ్. ఆ గొడవంతా మాకొద్దు అనుకున్నాడేమో పాండిచ్చేరిలో రే మీకర్ అనే సిరామిస్టు, ఏకంగా మట్టితో ఇల్లు కట్టి, ఇంటినే కిల్న్‌గా వాడి లోపల నిప్పు పెట్టి కాల్చాడు. మనకి అంత ధైర్యం లేదు కాబట్టి ముక్కలే.

అన్నట్టు ముక్కలు కోసే ముందు గది తలుపు కొలుచుకో. నా మొదటి పెద్ద బొమ్మ భుజాలు 34 అంగుళాలు వచ్చాయి, స్టూడియో తలుపు 30. ద్వారబంధం పీకించాల్సి వచ్చింది, ఇంటి ఓనరుగారి మొహం ఇప్పటికీ గుర్తుంది.

అక్కా, నేను హాబీగా మొదలుపెట్టి 140 రావి ఆకులు చేశాను, తెలిసినవాళ్ల ఆఫీసు గోడ మీద పెట్టమన్నారు. అరల్డైట్‌తో అంటించేస్తే సరిపోతుందా? (ఏలూరు నుంచి ఒక గృహిణి)

వద్దు తల్లీ. జిగురు పట్టుకునేది గోడని కాదు, గోడ మీది పెయింట్‌ని. పెయింట్ పొర లేచిన రోజు ఆకుతో సహా వచ్చేస్తుంది, కింద ఎవరు కూర్చుని ఉంటారో తెలీదు. పైగా రేపు ఆఫీసు ఖాళీ చేస్తే ఒక్క ఆకు కూడా క్షేమంగా ఊడదు.

తగిలించే ఏర్పాటు కాల్చకముందే చేయాలి. ఆకు వెనక పచ్చిగా ఉన్నప్పుడే తాళంచెవి కన్నంలాంటి గాడి తియ్యాలి, పైన సన్నగా కింద వెడల్పుగా, స్క్రూ తల అందులో దూరి పైకి జారి కూర్చోవాలి. కన్నం కూడా కాలేటప్పుడు చిన్నదవుతుందని మర్చిపోకు, నేను మర్చిపోయి 60 పలకలకి డైమండ్ బిట్ పెట్టి నీళ్లు పోసుకుంటూ కన్నాలు పెద్దవి చేసుకున్నా ఒకసారి. నీవి ఇప్పటికే కాలిపోయాయి కాబట్టి ఇంకో దారి ఉంది, వెనక గ్లేజ్ (గాజులాంటి పూత) లేని చోట చిన్న స్టీల్ పిన్ను ఎపాక్సీతో (నీ అరల్డైట్ రకం జిగురే) అతికించి, గోడలో కన్నం వేసి ఆ పిన్ను దూర్చడం. మట్టికీ స్టీలుకీ ఎపాక్సీ గట్టిగా పడుతుంది, గోడకి మాత్రం కన్నమే ఆధారం.

గోడ ఏంటో ముందు వేళ్లతో కొట్టి చూడు. ఇటుక గోడైతే గిట్టీ (స్క్రూ పట్టు కోసం కన్నంలో దూర్చే ప్లగ్) వేసి స్క్రూ బిగించొచ్చు, ఈ మధ్య ఆఫీసుల్లో సగం గోడలు జిప్సమ్ బోర్డులే, డబ్బాలా మోగుతాయి. అలాంటి చోట ముందు ప్లైవుడ్ వేయించమను, వాళ్లు ఒప్పుకోకపోతే పని ఒప్పుకోకు. తర్వాత గోడంత బ్రౌన్ పేపర్ నేల మీద పరిచి ఆకులన్నీ దాని మీద అమర్చుకుని గీసి నంబర్లు వేసి, ఆ పేపర్‌నే గోడకి అంటించి దాని మీదుగా కన్నాలు వేసెయ్. ప్రతి ఆకు వెనకా అదే నంబరు. మార్కర్ చెరిగిపోతుంది, ఈసారి కాల్చకముందే ఐరన్ ఆక్సైడ్‌తో రాసుకో, జన్మకి పోదు.

లక్నో రవీంద్రాలయం గోడ మీద చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ 1963లో చేసిన టెర్రకోట మ్యూరల్, అంటే గోడకి చేసిన బొమ్మ, 81 అడుగుల పొడవు. వెళ్తే కళతో పాటు అతుకులు కూడా చూడు, విడివిడి ముక్కలే, అన్నీ కలిసి ఒకటిగా ఎలా నిలబడ్డాయో తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి మూడు శిల్పాలు పంపాలి. ఎంత బబుల్ ర్యాప్ చుట్టినా పగులుతున్నాయి. కిటుకు ఏమైనా ఉందా అండీ? (మియాపూర్)

మా అమ్మమ్మ అనేది, కుమ్మరికి ఏడాది గుదియకు ఒక పెట్టు అని. గుదియ అంటే దుడ్డుకర్ర. ఏడాది కష్టం, ఒక్క దెబ్బ. ఆ గుదియ ఇప్పుడు లారీ ఎక్కింది అంతే.

ఎక్కువ చుట్టడం కాదండీ, బరువు ఎక్కడ ఆనుతోందో చూడాలి. చెవులు, వేళ్లు, కొమ్మలు, ఇలా బయటికి పొడుచుకొచ్చిన చోట ఫోమ్ గట్టిగా నొక్కితే అక్కడే విరుగుతుంది. బరువంతా మొండెం మీద ఆనాలి, సన్నటివి గాలిలో ఖాళీగా ఉండాలి. రెండు పెట్టెలు వాడండి, బొమ్మ లోపలి పెట్టెలో, దానికీ బయటి చెక్క పెట్టెకీ మధ్య అన్ని వైపులా కనీసం రెండంగుళాల ఫోమ్. చెక్క పెట్టె మూత మేకులు కొట్టి మూయకండి, ప్రతి సుత్తి దెబ్బా లోపలికి వెళ్తుంది, స్క్రూలు వాడండి. ఇది నేను నేర్చుకోవడానికి ఒక చేప తోక ఖర్చయింది. విదేశాలకి పంపితే ఆ చెక్క వేడి పెట్టి పురుగు చంపినదని ముద్ర ఉండాలి, 56 డిగ్రీల్లో 30 నిమిషాలు అని రూలు, ముద్ర లేకపోతే పెట్టె పోర్టులోనే ఆగిపోతుంది.

విప్పేవాడు మీరు కాదు కదా. అందుకని ప్యాక్ చేస్తూ ఒక్కో దశ ఫోటో తీసి ప్రింట్లు మూత లోపల అంటించండి. మొదట ఏది తీయాలో, ఎక్కడ పట్టుకోవాలో, హిందీలో కూడా రాయండి. ఒకసారి ఒక గ్యాలరీలో కుర్రాడు నా కొంగని మెడ పట్టుకుని ఎత్తాడు, వాడి తప్పేం లేదు, కొంగకి పట్టుకోవడానికి వీలుగా ఉండేది మెడే కదా. పంపే ముందు, చేరాక ప్రతి బొమ్మ పరిస్థితి ఫోటోలతో రాసి రెండు వైపులా సంతకాలు పెట్టించండి, ఇన్సూరెన్స్ మీ గోడ దగ్గర నుంచి మళ్లీ మీ గోడ దాకా ఉండాలి, దారికి మాత్రమే ఉంటే గ్యాలరీలో పగిలినదానికి ఎవరూ పలకరు. నావి ఒకసారి ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు పెట్టెని తలకిందులుగా పెట్టి తెచ్చారు, కాగితం లేదు, వాళ్లని అడిగితే ముందే పగిలి ఉందన్నారు, అయిపోయింది.

ఎగ్జిబిషన్ అయిపోయాక అంత పెద్ద పెద్ద ఇన్‌స్టలేషన్లు ఏం చేస్తారు? (కర్నూలు)

మా ఇంట్లో అయితే మంచాల కింద ఉంటాయి. మా ఆయన మంచం కొనేటప్పుడు పరుపు చూడడు, కాళ్ల ఎత్తు చూస్తాడు.

ప్రపంచంలో రకరకాలు. 2014లో లండన్ టవర్ చుట్టూ కందకంలో పాల్ కమిన్స్, టామ్ పైపర్ 8,88,246 సిరామిక్ గసగసాల పువ్వులు నాటించారు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన బ్రిటన్, దాని వలసల సైనికులకి ఒక్కొక్కరికి ఒక్కో పువ్వు. నాటింది వాలంటీర్లు. ఒక్కో పువ్వు 25 పౌండ్లకి అమ్మారు, అయిపోయాక అవి ఇళ్లకి వెళ్లిపోయాయి. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది, గోడౌన్ అద్దె లేదు. 2010లో చైనా కళాకారుడు ఐ వైవై లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో 10 కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పోశాడు, జనం వాటి మీద నడవాలనే ఆయన ఉద్దేశం, రెండు మూడు రోజులకే లేచిన దుమ్ము ఊపిరికి మంచిది కాదని తాడు కట్టేశారు. స్టూడియోలో చీపురుతో పొడి మట్టి ఊడ్చేవాళ్లు ఇది చదివి తడి గుడ్డ వాడండి దయచేసి, ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

మా అమ్మాయి సిరామిక్స్ చదువుతానంటోంది. తిండి పెడుతుందా? (ఒక తండ్రి, ఖమ్మం)

బొమ్మలు అమ్మి మాత్రమే అంటే మొదటి పదేళ్లు కష్టమే అండీ, దాచడం ఎందుకు. గ్యాలరీలు అమ్మిన ధరలో సగం దాకా తీసుకోవడం మామూలే, మట్టి, కరెంటు, ప్యాకింగ్ అన్నీ మన సగంలోంచే. నేను బతికింది హోటళ్ల గోడలకి చేసిన మ్యూరల్స్, శనాదివారాల క్లాసులు, కప్పులూ గిన్నెల మీద. బొమ్మలు వాటి డబ్బులతో చేశా.

చదువుకి హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) శిల్పం ఉంది, బరోడా, శాంతినికేతన్ ఉన్నాయి, ఫ్యాక్టరీ వైపు వెళ్లాలనుంటే గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా ఉంది. పాండిచ్చేరి గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ పెట్టింది, దేశంలో ఇవాళ పెద్దపేరున్న సిరామిస్టులు చాలామంది అక్కడ చేయి తిరిగినవాళ్లే. మన దగ్గర సిరామిక్స్‌కే ప్రత్యేకంగా ట్రైనియల్ (పేరుకి మూడేళ్లకోసారి జరిగే పెద్ద ప్రదర్శన) మొదలైంది కూడా, 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో, మళ్లీ 2024లో ఢిల్లీలో. అమ్మాయిని ఏదైనా ఎగ్జిబిషన్‌కి ప్రారంభం రోజు కాదు, రెండు రోజుల ముందు తీసుకెళ్లండి, నిచ్చెనలు, దుమ్ము, అరుపులు ఉన్నప్పుడు. అది చూసి కూడా కళ్లు మెరిస్తే ఫీజు కట్టేయండి.

డిస్‌ప్లేలో ఉన్న బొమ్మని పిల్లాడు పగలగొడితే డబ్బులు అడుగుతారా? (నెల్లూరు)

అడగను. బొమ్మ అడుగున మైనం ఉండ పెట్టి పీఠానికి అతికించకపోవడం నా తప్పు.

మేడమ్, ప్రారంభం రోజు ఏం చీర కట్టుకుంటారు? ఫోటోల్లో చాలా బావుంటారు! (రాజమండ్రి)

సాయంత్రం ఐదింటి దాకా పాత ట్రాక్ ప్యాంటు, గాజులు ఉంగరాలు తీసేసి, ఎందుకంటే గ్లేజ్ మీద గీతలు పడతాయి. చీర కార్లో ఉంటుంది, వెంకటగిరి కాటన్, గ్యాలరీ బాత్రూంలో పది నిమిషాల్లో కట్టేస్తా. ఫోటోల్లో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతా చూడండి, గోళ్ల నిండా ఎపాక్సీ ఉంటుంది.