నాలుగు రోజుల్లో గొంగడి వస్తుందా?

ప్రశ్న: సెలవుల్లో పిల్లలతో ఏదైనా పల్లెలో నాలుగు రోజులుండి గొంగడి నేయడం నేర్చుకోవాలని ఉంది. కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: గొంగడి రాదమ్మా, దారం తీయడం వస్తే గొప్పే! మెదక్ వైపు గొర్రెలు కాసే ఒక కురుమల ఇంట్లో రాట్నం ముందు కూర్చున్న మొదటి రోజు నా పోగు గజానికి మూడుసార్లు తెగింది. ఆ ఇంటి పెద్దమ్మ నవ్వి, "చెయ్యి బిగబట్టకు బిడ్డా, బొచ్చును పోనియ్యి" అంది. రెండు రోజులకు గానీ ఆ మాట నా వేళ్లకు ఎక్కలేదు.

దక్కనీ గొర్రెల నల్ల ఉన్నికి రంగు అక్కర్లేదు. ఏకి, వడికి, పడుగుకు, అంటే నిలువు దారాలకు, చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేస్తారు. గంజి పట్టించే రోజు తప్పక చూడండి. వీధిలోనే పడుగు చాపి, కుంచెతో దువ్వుతారు. దానికి ఎండ కావాలి, కాబట్టి వానాకాలం వద్దు. పిల్లలు వాసనకు ముక్కు మూసుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

మీకు నేర్పుతుంటే వాళ్ల మగ్గం ఆగుతుంది. అందుకే రోజు కూలి ముందే మాట్లాడుకోండి, గొంగడి కొంటే బేరమాడకండి. కొత్తది గుచ్చుకుంటుంది, పైన పాత చీర పరుచుకుని పడుకోండి.