ఎండకాలం దాటని సకినాలకు పైసలు అడగకు

బిడ్డా,

సకినాల కంపెనీ పెడుతున్నవని, బ్యాంకుకు పోకుండ ఆన్‌లైన్ల జనం తాన ముందుగాలనే పైసలు జమ చేస్తవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. సంక్రాంతికి ఇంట్ల చుట్టుకునేది, ఆడబిడ్డకు సారెల పెట్టేది అనుకున్న వస్తువును ముంబైల, పుణెల ముఖం తెల్వనోళ్లు కొంటరని నీకు తోచింది చూడు, అది మా తరానికి తోచలే. గర్వమే అయింది. భయం కూడ అయింది. అప్పిచ్చినోడైతే ఒక్కడుంటడు, ఎదురుంగ కూసొని గడువు అడగొచ్చు. నువ్వు తీసుకునేది వందల మంది తాన, వాళ్లల్ల ఒక్కరితోని కూడ కూసొని మాట్లాడలేవు.

తెలిసిన పనులు తొందరగ చెప్త. తినే వస్తువుల లైసెన్సులు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లేకుండ ఒక్క ప్యాకెట్ కూడ బయటికి పోవద్దు. 14 అంకెలుంటయి, ఆన్‌లైన్ల వాళ్ల ఫాస్కాస్ పోర్టల్ల దరఖాస్తు పెట్టాలె. సరుకు రాష్ట్రం దాటుతది కాబట్టి అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకో. లేబుల్ మీద పచ్చ చుక్క, ఎక్కువ బరువుదాని నుంచి తక్కువదాని దాక వరుసగ దినుసులు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారైన తేదీ, ఎప్పటిలోపు తినాలో ఆ తేదీ, నీ చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలె. గ్యాస్ 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడు. ఇంటి సిలిండర్ పెట్టి కడాయి నడిపితే తప్పు, ప్రమాదం కూడ. కాగిన నూనె దగ్గర చీర కొంగులు, చిన్న పిల్లలు ఉండొద్దు. ఇది నువ్వు నవ్వినా సరే మళ్ల చెప్త.

జనం తాన పైసలు అడిగే పేజీల "వాటా", "లాభంల భాగం", "వడ్డీ" అనే మాటలు రాయకు. మన దేశంల ఇట్ల ఆన్‌లైన్ల జనానికి షేర్లు అమ్ముడు కుదరదు, షేర్ల బజారును అదుపు చేసే సెబీ 2016లనే హెచ్చరించింది. తిరిగి ఇస్తమని డిపాజిట్ లెక్క తీసుకుంటే అనుమతి లేని డిపాజిట్లను ఆపే 2019 చట్టం కిందికి వస్తవు. "ఇంత కట్టండి, ఫలానా నెలల ఇన్ని సకినాలు వస్తయి" అని ముందస్తు ఆర్డరు లెక్కనే పెట్టు. ఆ పైసలు వేరే ఖాతాల ఉంచు. పెట్టె చేతికి చేరేదాక అది ఆమ్దాని కాదు, నువ్వు బాకీ ఉన్నట్టు.

ఇగ అసలు సంగతి. సంక్రాంతికి పేజీ పెట్టి, ఏప్రిల్ల సరుకు పంపుతా అన్నవట. ఈ వ్యాపారంల అందరూ చేసే తప్పు ఇదే. జనవరిల సకినాలు చేస్తరు, స్టీలు డబ్బాల పోస్తరు, నెలన్నర తర్వాత తిని "ఏం కాలేదు, కరకరలాడుతున్నయి" అంటరు, లేబుల్ మీద మూడు నెలలు అని అచ్చు వేస్తరు. జనవరిల చలి ఉంటది, డబ్బా చీకట్ల ఉంటది, మూత గట్టిగ ఉంటది. ఏప్రిల్ల నీ పెట్టె పోయేది రేకుల గోదాంలకు, ఎండల నిలబడ్డ వ్యాన్లకు. బయట 42 డిగ్రీలుంటే రేకుల కింద ఇంకెంతుంటదో నువ్వే అనుకో. సకినం మెత్తబడదు, బూజు పట్టదు, చూసేటందుకు మంచిగనే ఉంటది. ప్యాకెట్ కోస్తే ముక్కిన నూనె వాసన వస్తది, అంతే.

నువ్వులల్ల బరువుకు సగం దాక నూనె ఉన్నా అది అంత తొందరగ చెడదు. చెడేది గోలిచ్చిన నూనె. పొద్దుతిరుగుడు నూనె గాలికి తొందరగ పాడైతది, పామాయిల్ ఎక్కువ రోజులు ఆగుతది, పల్లి నూనె రెంటికి నడుమల. రుచికి పల్లి నూనె అంటవు, నాకు తెలుసు. అట్లయితే లేబుల్ మీద పల్లి అని కనిపించేటట్టు రాయి, పడనోళ్లుంటరు. అదే నూనెను మళ్ల మళ్ల కాపితే సకినాలు ప్యాకెట్ల పడకముందే సగం చెడిపోయినట్టు. నల్లబడి నురగ కడుతున్నదంటే దాంట్ల కొత్త నూనె కలిపితే బాగుపడదు, కొత్తది కూడ తొందరగ పాడైతది. వాడిన నూనెల పోలార్ పదార్థాలు, అంటే నూనె కాగి కాగి విరిగితే పుట్టేటియి, 25 శాతం దాటొద్దని 2018 జులై నుంచి నియమం ఉంది. కొలిచే మీటర్ దొరుకుతది, కొను.

తర్వాత పిండి. రాత్రంత నానిన బియ్యం నీళ్లు బాగ వడిసినంకనే గిర్నికి పోవాలె. పిండి జారుడైతే చుట్టు విచ్చుకుంటది, నూనె కూడ ఎక్కువ తాగుతది. మీ అమ్మమ్మ గుడ్డ మీద చుట్టినంక తడి తీసేదాక ఎవ్వరినీ కడాయి దగ్గరికి రానియ్యకపోయేది. అది చాదస్తం కాదు. తడి ఎంత మిగిలితే నూనెల అంత బుడగలు, అంత విరుగుడు. నువ్వు రోజుకు ముప్పై కిలోలు చేసేటప్పుడు కూడ ఆ ఆరబెట్టే జాగ, ఆ గంట సేపు లెక్కల ఉండాలె. గోలిచ్చినయి జల్లెడల నూనె వడిసి, పూర్తిగ సల్లారినంకనే ప్యాకెట్ల పడాలె. గోరువెచ్చగ కట్టేస్తే లోపల చెమ్మ పడుతది. తొందరల జరిగేది ఇదే.

మామూలు పాలిథిన్ సంచి గాలిని ఆపదు. లోపల వెండి రంగు పొర ఉన్న లామినేటెడ్ పౌచ్ తీసుకో, నైట్రోజన్ నింపి సీలు వెయ్యి. వ్యాక్యూమ్ వద్దు, సకినాలు పిండి అయితయి. లోపల కనవడేటట్టు అద్దం లెక్క కిటికీ పెడతా అన్నవట. వెలుతురు కూడ నూనెను పాడు చేస్తది, ఆ కిటికీ తీసెయ్యి.

ఇప్పుడు పరీక్ష. మార్చి ఆఖరుల నలభై ప్యాకెట్లు కట్టు. ఇరవై ఇంట్ల, ఇరవై రేకుల అర్రల పెట్టు. వారానికి రెండు దిక్కులవి ఒక్కొక్కటి కోసి, మన ఇంటోళ్లు కాని ముగ్గురితోని వాసన చూపియ్యి. మీ అమ్మ మంచిగనే ఉన్నదంటది, ఆమె మాట లెక్కకు తీసుకోకు. మొదటి రోజు, ముప్పయ్యో రోజు, అరవయ్యో రోజు ఒక్కొక్క ప్యాకెట్ హైదరాబాద్ల ఎన్ఏబీఎల్ (ల్యాబులను పరీక్షించి ఒప్పుకునే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపు. తేమ, పెరాక్సైడ్ విలువ, ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్ అడుగు, వెనకటి రెండు నూనె ఎంత చెడ్డదో చెప్తయి. రేకుల అర్రల యాభై రోజులు ఆగితే లేబుల్ మీద నలభై అని రాయి. జనం తాన పైసలు అడిగేది దాని తర్వాత.

అట్లయితే అక్టోబర్ల పేజీ, డిసెంబర్ల పంపకం. సల్లటి కాలం, సంక్రాంతి ముందు అడిగేటోళ్లు కూడ ఎక్కువ. చిక్కు ఒక్కటే. అప్పుడు ఊళ్లల్ల పత్తి ఏరుడు, డిసెంబర్ నుంచి యాసంగి నాట్లు. చుట్టే చేతులు దొరకవు. సకినం మిషన్ల రాదు, వచ్చినా అది మన సకినం కాదు. ఒక మనిషి గంటకు ఎన్ని కిలోలు చుడుతదో గడియారం పెట్టి రాసుకో, దాన్ని బట్టి ఎన్ని ఆర్డర్లకు పేజీ మూసెయ్యాలో ముందే పెట్టు. పత్తి కూలికి తక్కువ ఇస్తే ఎవ్వరూ రారు. రావద్దు కూడ. జనం పైసలు ఆలస్యమైతే చుట్టినోళ్ల కూలి ఆపుతవేమోనని నాకు అన్నిటికంటె ఎక్కువ భయం. వాళ్లది వారం వారం ఇయ్యి.

ధర లెక్క ఇట్ల చూడు. అరకిలో పెట్టె 400 అనుకో. దాంట్ల 5 శాతం జీఎస్టీ 19. పేజీ పెట్టిన వెబ్‌సైటుకు, పేమెంట్ గేట్‌వేకు కలిపి పదిశాతం అనుకుంటే 40. బియ్యం, నువ్వులు, నూనె, గ్యాస్, కూలి 140. పౌచ్, అట్టపెట్టె 45. ముంబైకి కొరియర్ 140. ఇరవైల ఒక్కటి విరిగి మళ్ల పంపాలంటే పెట్టెకు 16 పడుతది. కూడితే 400. నీకు మిగిలింది సున్న. కొరియర్ ఎందుకంత అంటవా, వాళ్లు పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లల్ల గుణించి 5000తోని భాగిస్తరు. 25, 20, 12 పెట్టె అంటే 1.2 కిలోలు. అరకిలో పంపి కిలోన్నర స్లాబుకు కడుతున్నవు. పెట్టె చిన్నదైతే విరుగుతయి, పెద్దదైతే మునుగుతవు. అందుకే అరకిలో వద్దు, ఒకే పెట్టెల రెండు అరకిలో పౌచ్‌లు పెట్టి అమ్ము.

ఆర్డర్లు ఎక్కువ వస్తే గరిజెలు, మురుకులు, సర్వపిండి కూడ ఇస్తమని పేజీల మధ్యలనే కలుపుతరు. సర్వపిండి రెండో రోజుకే పనికిరాదు. సకినాలల్లనే మామూలుది, కారంది అని రెండు రకాలు చాలు. కారందాని మీద చపాటా మిర్చి అని రాస్తే అదే వెయ్యాలె. దానికి 2025ల జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతం పంటకే చెల్లుతది. ఎనుమాముల మార్కెట్ల తేజ రకం మిర్చి కొని చపాటా పేరు పెట్టుడు కుదరదు, నాలుకకు కూడ తెలుస్తది: చపాటాకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ.

అమెరికల ఉన్న మీ అన్న పేరు మీద కిక్‌స్టార్టర్ల (జనం తాన ముందుగ పైసలు జమ చేసే అక్కడి వెబ్‌సైటు) పెడదామని అన్నవట. ఇక్కడ ఉండెటోళ్లకు అది దొరకదు, నిజమే. కాని అతని పేరు మీద పెడితే మాట తప్పినప్పుడు జవాబు చెప్పాల్సింది అతనే, పన్ను కట్టాల్సింది కూడ. పైగ అక్కడికి సరుకు పోవాలంటే నీ వంటశాలను అక్కడి ఆహారం, మందులు చూసే ఎఫ్‌డీఏ తాన నమోదు చెయ్యాలె, ప్రతి సరుకుకు ముందు నోటీసు ఇయ్యాలె, 2023 జనవరి నుంచి నువ్వులను అలర్జీ వస్తువుగ లేబుల్ మీద చూపియ్యాలె. మొదటి ఏడు దాని జోలికి పోకు.

లేబుల్ అచ్చుకు ఇచ్చే ముందు నాకు వాట్సాప్ చెయ్యి. ఇంకొకటి, ఈ వారమే పది పెట్టెలు మామూలు కొరియర్ల ముంబైకి పంపి, విప్పకుండ అక్కడి నుంచే వెనక్కి తెప్పించు. ఒక్కొక్క దాంట్ల ఎన్ని గ్రాములు విరిగినయో తూకం వేసి రాసి పంపు.

నీ పెద్దమ్మ,
హన్మకొండ