చిన్న డ్రమ్ కోర్‌కి డబ్బులూ, జనమూ

"మా అమ్మాయి ఉన్న ఓపెన్ క్లాస్ కోర్‌కి బస్సుల అద్దెకే డబ్బుల్లేవు, షోకి తల్లిదండ్రులు తప్ప ఎవరూ రావట్లేదు" అని రాశారు కదండీ. (తెలియనివాళ్లకి: డ్రమ్ కోర్ అంటే వేసవిలో ఊరూరా తిరుగుతూ, బాకాలూ డ్రమ్ములతో మైదానంలో కవాతు చేస్తూ వాయించే అమెరికా యువ బృందం; ఓపెన్ క్లాస్ అంటే వాటిలో చిన్నవాటి విభాగం.) మూడు వేసవులు మావాడి కోర్ వంట ట్రక్కులో ఉల్లిపాయలు తరిగాను, నాకు తెలిసింది చెబుతా.

ముందు మీ కోర్‌కి 501(సి)(3) హోదా, అంటే అమెరికాలో పన్ను మినహాయింపున్న లాభాపేక్షలేని సంస్థ గుర్తింపు, ఉందో లేదో కనుక్కోండి. ఉంటే మీ ఆఫీసు పోర్టల్లో డొనేషన్ మ్యాచింగ్ చూడండి. చాలా పెద్ద ఐటీ కంపెనీల్లో మీరు 100 డాలర్లిస్తే కంపెనీ ఇంకో 100 వేస్తుంది. కొన్ని వాలంటీర్ గంటలకీ ఇస్తాయి. అర్ధరాత్రి స్కూలు పార్కింగ్‌లో పిల్లలకి పాస్తా వడ్డించిన గంటలు కూడా రాసుకోండి, నేను మొదటి ఏడాది ఊరికే పోగొట్టుకున్నా. ఒక్క జాగ్రత్త: మీ అమ్మాయి ఫీజు డొనేషన్ కిందికి రాదు, దాన్ని మ్యాచింగ్‌కి పెట్టకండి.

బింగో (మన తంబోలా లాంటి ఆట) రాత్రులు పెట్టి, ఆ డబ్బుతో నడిచిన కోర్‌లు ఉన్నాయి గానీ, కొత్తగా మొదలెట్టమని నేను చెప్పను. లైసెన్సు, మనుషులు, టెన్షన్.

జనం సంగతికొస్తే, టికెట్ కొని స్టేడియానికి రమ్మంటే కొత్తవాళ్లు రారు. సాయంత్రం షో మొత్తం ఒకసారి వాయించే రిహార్సల్‌కి చుట్టుపక్కల హైస్కూల్ బ్యాండ్ పిల్లల్ని ఉచితంగా పిలవండి. స్నేర్‌లైన్‌ని, అంటే స్నేర్ డ్రమ్ములు వాయించేవాళ్ల వరసని, పది అడుగుల దూరం నుంచి విన్న పిల్లాడు వచ్చే వారం వాళ్ల నాన్నని లాక్కొస్తాడు. జులై 4 పరేడ్లకి కొన్ని ఊళ్లు డబ్బు కూడా ఇస్తాయి, అడగండి.

అప్పటికీ గట్టెక్కకపోతే ఒక ఏడాది టూర్ మానేసి, చిన్న బృందాల కోసం ఉన్న సౌండ్‌స్పోర్ట్ అనే పోటీలో పాల్గొనమని మీ డైరెక్టర్‌తో మాట్లాడి చూడండి.