ఫాస్టింగ్ 138 వచ్చిందా? ముందు ఇది చూడండి

మాస్టారూ, ఇంట్లో గ్లూకోమీటర్‌లో పరగడుపున 138 వచ్చిందని షుగర్ ఖాయం చేసేసుకోకండి. మామిడిపండు కోసిన వేలిని కడగకుండా పొడిచినా అంకె ఇట్టే పెరుగుతుంది. సబ్బుతో కడిగి, తడి తుడుచుకుని చూడాలి.

ల్యాబ్‌లో ఫాస్టింగ్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, ఏ1సీ అంటారు) రెండూ ఒకేసారి చేయించండి. ముందు 8 గంటలు మంచినీళ్లే, కాఫీ కూడా వద్దు. ఫాస్టింగ్ 126, ఏ1సీ 6.5 శాతం లేదా అంతకు పైన, రెండూ అలా ఉంటే షుగరే. ఒక్కటే దాటితే, దాటినదాన్నే మళ్లీ చేయించాలి. ఐరన్ లోపంతో రక్తం తక్కువుంటే ఏ1సీ ఎక్కువ చూపిస్తుంది, డాక్టరుకు చెప్పండి.

ఈలోగా అన్నం మానేయకండి, మానేస్తే పరీక్షలో అసలు సంగతి బయటపడదు. రాత్రి భోంచేశాక బీచ్ రోడ్డులో పావుగంట నడిస్తే మంచిదే. విపరీతమైన దాహంతో పాటు వాంతులు, ఆయాసం మొదలైతే మాత్రం రిపోర్టు కోసం ఆగొద్దు, నేరుగా విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లిపోండి.